సూదితో వచ్చిన దగ్గు

మా బాబుకు ఉప్పల్‌లో మూడో నెల టీకా వేయించి నాచారంలోని ఇంటికి వచ్చాం. సాయంత్రానికి వాడి తొడ కాస్త వాచి, ఒళ్లు వెచ్చబడింది. అది మామూలేనని నర్సమ్మ ముందే చెప్పింది కాబట్టి, ఆమె చెప్పినట్టే చుక్కల మందు వేశాను. మా అత్తమ్మ మనసు మాత్రం ఊరుకోలేదు. ఎండుమిర్చితో దిష్టి తీసి పొయ్యి మీద మాడ్చింది. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, వస్తే తగలనట్టు, అదీ ఆమె లెక్క. దోమల భయంతో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఇల్లంతా ఒకటే దగ్గు. బాబు ముఖం ఎర్రబడి ఉక్కిరిబిక్కిరి అవుతుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"దిష్టి గాదే! గా సూదే పడలే పిలగానికి. జల్ది దవాఖానకు నడువున్రి!" అంది అత్తమ్మ.

ఆటోలో గాలి తగలగానే బాబు దగ్గు ఆగింది, మాది ఆగలేదు. డాక్టరమ్మ వాణ్ని పరీక్షించి బాగానే ఉన్నాడంది. తర్వాత దగ్గుతున్న అత్తమ్మనూ, మా ఆయననూ, నన్నూ చూసి, "ఇంతకీ టీకా ఎవరికి వేయించారు?" అని అడిగింది.

తర్వాతి టీకా రోజు మిర్చి డబ్బా ముందే దాచేశాను. మళ్లీ జ్వరం వచ్చింది, చుక్కల మందుకే తగ్గింది.

అత్తమ్మ తృప్తిగా తలూపింది. "ఈపారి సూది మంచిది. దగ్గు రాలే."