గడియ తీయించిన పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ గురువారం పొద్దున పోయింది. చింతపండుకు గింజలు తీస్తూ గోడకు ఆనుకుందట, ఇక లేవలేదట. కబురు నాకు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో అందింది. తిరుపతి హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి నేనే లైను కలుపుకుని చెప్పాను. పొద్దున్నే బయల్దేరతానంది.

పద్నాలుగేళ్ల కిందట చిత్తూరులో పెద్దమ్మ పక్కింట్లో దిగేనాటికి అమ్మాయికి మూడేళ్లు. నేను ఆపరేటరును. మా ఆయనకు తిరుమలలో ఉద్యోగం, వారానికొకసారి కొండ దిగి వచ్చేవారు. పాపను చూసుకునే మా పిన్ని జబ్బుపడి ఊరికి వెళ్లిపోయింది. కాన్వెంటులో అడిగితే నాలుగేళ్లు నిండాలన్నారు. బాల్వాడి తెరిచేది పదింటికి, నా డ్యూటీ ఏడింటికి. పూతలపట్టు దగ్గర పల్లెలో ఉన్న అత్తగారేమో ఉద్యోగమైనా మానుకో, బిడ్డనైనా నా దగ్గర వదులు అని కబురు పంపారు. మానితే ఇల్లు గడవదు. వదిలితే నాకు బిడ్డ లేనట్టే.

పక్కింట్లో పెద్దమ్మ ఒంటరిగా ఉండేది. పగలంతా అరుగు మీద కూర్చుని మండీవాళ్ల చింతపండు శుభ్రం చేసేది. తనంతట తానే అడిగింది.

"పాపను నా కాడ ఇడిసిపోమ్మా. యాడికీ పోనీను."

"చూద్దాంలే పెద్దమ్మా" అని తప్పించుకున్నాను. ఆమె చర్చికి వెళ్లే మనిషి. మా అత్తగారు ఆ ఇంటి నీళ్లు కూడా ముట్టరు. నిజం చెప్పాలంటే, అప్పటికి నేనూ ముట్టేదాన్ని కాను.

అందుకని నేనేం చేశానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడటం లేదు. పాపకు పాలు తాగించి, బొమ్మలు ముందర పోసి, బయట తాళం వేసి డ్యూటీకి వెళ్లాను. మధ్యలో ఒకసారి పరుగున వచ్చి చూసి, మళ్లీ తాళం వేసేదాన్ని. నెలన్నర అలాగే సాగింది. ఫోన్లో ఎవరి పిల్ల ఏడుపు వినిపించినా గడియారం వైపు చూసేదాన్ని.

నాకు తెలియకుండా పెద్దమ్మ తన చాపను మా కిటికీ కిందికి మార్చుకుంది. కమ్మీల సందున గింజలు చూపించి పాప చేత లెక్కపెట్టించేది. ఒకరోజు పాప నాకు ఇరవై దాకా అప్పజెప్పేసరికి సంగతి బయటపడింది. నేను తల దించుకున్నాను. ఆమె మాత్రం నన్ను ఏమీ అనలేదు.

"బిడ్డ ఏడుస్తా ఉంటే పర్వాలేదమ్మా. సద్దు లేకుంటేనే బయపడాల" అంది.

ఒక మధ్యాహ్నం తాళం తీశాను గానీ తలుపు రాలేదు. పాప పీట ఎక్కి లోపలి గడియ పెట్టుకుంది. నేను తలుపు బాదుతూ ఏడ్చాను. నా ఏడుపుకు అది బెదిరి మూలకు పోయి నక్కింది. పెద్దమ్మ నన్ను పక్కకు జరిపింది.

"నువ్వు ఏడ్సకుండా ఆ మెట్టు మీద కుచ్చో."

తర్వాత కిటికీలోంచి నింపాదిగా పిలిచింది. "అమ్మణ్ణీ, సూడు, ఆ పీట మల్లా ఎక్కు. గడియ పట్టుకోని ఇట్లా లాగు. వస్తా ఉండాదా?"

"రాలా పెద్దమ్మా."

"యాడికి పోతాదిలే. మల్లా లాగు."

అరగంట పట్టింది. తలుపు తెరుచుకోగానే పాప నన్ను దాటి వెళ్లి ఆమె కొంగు పట్టుకుంది. ఆ సాయంత్రమే తాళంచెవి పెద్దమ్మ చేతిలో పెట్టాను.

కాన్వెంటులో చేరేదాకా పాప ఆమె దగ్గరే పెరిగింది. మధ్యలో అత్తగారు వచ్చి, "ఎవురి చేతిలో పెట్టినావే బిడ్డను?" అని నిలదీశారు.

"వాకిట్లోనించి ఊరికే చూస్తా ఉంటాది అత్తా, అంతే" అన్నాను.

అరుగు మీద పెద్దమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి. మర్నాడు ఏడింటికల్లా మామూలుగానే వచ్చింది. ఆ మాటకు తప్పయిందని చెప్పాలని ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నాను.

శుక్రవారం ఆమెను సమాధుల తోటకు తీసుకెళ్లారు. అమ్మాయి మొదటి బస్సుకే వచ్చేసింది. మా వీధి ఆడవాళ్లమంతా గేటు దాకా నడిచి ఆగిపోయాం. ఎవరూ మమ్మల్ని రావద్దనలేదు. అమ్మాయి ఒక్కతే చెప్పులు నా కాళ్ల దగ్గర విడిచి లోపలికి వెళ్లింది. గుంట పక్కన మోకాళ్ల మీద కూర్చుని పిడికెడు మట్టి తీసుకుంది. చాలాసేపు చెయ్యి విప్పలేదు. నేను గేటుకు ఇవతలే, ఆ చెప్పులకు కాపలా ఉన్నట్టు నిలబడ్డాను.