నాన్న చెవికి బేరింగే వినపడేది

నిన్న గరాచర్మ షెడ్డులో మా లారీ చక్రం హబ్ సీలు మార్పిస్తుంటే గ్రీజు వాసన గుప్పుమంది. ఆ వాసనకి నాన్న గుర్తొచ్చి కళ్ళు చెమరుస్తాయని మన ఇంటి గ్రూపులో రాస్తారే, అన్నలూ అక్కలూ మీరంతా! నాకైతే ఒళ్ళు మండుద్ది.

డెలానీపూర్‌లో మన వాకిలి గుర్తుందా? అమ్మ బియ్యం కడిగే గిన్నెలోనే కిరోసిన్ పోసి నాన్న బేరింగులు కడిగేవాడు. ఒక్కోటీ చెవి దగ్గర తిప్పుతూ "చుప్! ఎవరూ నోరెత్తొద్దు" అనేవాడు. మీరూ ఊపిరి బిగబట్టేవారు. ఇసక రేణువంత గరగర వినపడినా మళ్ళీ కడిగేవాడు. కొత్త సీలు ఓడలో మన దీవికి వచ్చేదాకా లారీ కదిపేవాడు కాదు.

గోడవతల అమ్మ దగ్గు మాత్రం, ఆవిడ పోయేదాకా ఆ చెవికి వినపడలేదు.

నిన్న మెకానిక్ కూడా బేరింగ్ చెవి దగ్గర పెట్టుకుని, "దీదీ, జరా చుప్" అన్నాడు.

కావాలనే గట్టిగా దగ్గాను.