పుట్టుమచ్చ ఏ వైపు?

వంతెన దిగగానే ఎడమవైపు రెండు కుర్చీల సెలూన్ ఉండేది. ఒక కుర్చీ ఆయనది, రెండోది ఆవిడది. మొగుడూ పెళ్ళాలు పక్కపక్కనే నిలబడి ఊరి తలలన్నీ చక్కబెట్టేవారు. ఎక్కడి నుంచి వచ్చినవాళ్ళయినా, ఏ భాషలో కలలు కనేవాళ్ళయినా, ఆ కుర్చీలో కూర్చున్నాక మెడ వంచక తప్పదు కదా. రొట్టెల బట్టీ ఆసామీ, ఒకసారి ఓడ దిగి మళ్ళీ ఎక్కడం మరిచిపోయిన వంటవాడు, తనకేం కావాలో ఆవిడ చెవిలో మాత్రమే చెప్పే సంగీతం టీచరు, అందరూ ఆ అద్దం ముందు కూర్చున్నవాళ్ళే.

అసలు ఆ ఇద్దరి కాపురం కూడా ఆ అద్దంలోనే జరిగింది. పనిలో ఉన్నవాళ్ళు పక్కకి తిరిగి మాట్లాడుకుంటే ఎవరి చెవికో ముప్పు. అందుకని కబుర్లూ, అలకలూ, కూతురి చదువు గురించి తగువులూ అన్నీ జనం తలల మీదుగా అద్దంలో చూసుకుంటూనే కానిచ్చేవారు. ఇంటికి చేరాక ఒకరు వంటింట్లోకి, ఇంకొకరు మంచం మీదకి. సాయంత్రం బేరాలు పలచబడ్డాక ఆవిడ అద్దంలోకి చూసి ఒక కనుబొమ ఎగరేసేది. ఇక చాలు, ఇంటికి పదండి అని దాని అర్థం. ఆయన మారుమాట్లాడకుండా చీపురు అందుకునేవాడు.

కిందటి చలికాలంలో ఆవిడ పోయింది. జబ్బుకి డాక్టర్లు పేరు పెట్టేలోపే అంతా అయిపోయింది. అప్పట్నుంచి ఆయన ఇంటి మొహం చూడలేదు. ఆవిడ కుర్చీని వెనక్కి వాల్చుకుని సెలూన్‌లోనే పడుకునేవాడు. కూతురు వచ్చి బతిమాలింది, కసిరింది, చివరికి ఇంటి తాళంచెవి ఆయన చొక్కా జేబులో కుక్కి వెళ్ళింది. ఆయన దేనికీ కాదనలేదు. రేపు చూద్దాంలే అని మాత్రం రోజూ అనేవాడు.

కారణం ఎవరికీ చెప్పుకోలేదు. ఆవిడ ముఖం ఆయనకు గుర్తు రావడం లేదు. గొంతు వినబడుతుంది, దువ్వెన పట్టుకున్న చేతులు కనబడతాయి, ముఖం దగ్గరికి వచ్చేసరికి అద్దానికి ఆవిరి పట్టినట్టు అయిపోతుంది. ఫోనులో వెతికితే అన్నీ కూతురి బొమ్మలూ ఆయన బొమ్మలే, ఎందుకంటే తీసింది ఆవిడ. పెళ్ళి ఫొటోలో ఉన్నది బెదురుచూపుల పడుచుపిల్ల, ఆవిడ కాదు. ఆ అద్దాన్ని వదిలి ఇంటికి వెళ్తే మిగిలిన కాస్తా చెరిగిపోతుందని ఆయన భయం. పిచ్చి భయమే. అలాంటివి లేనివాళ్ళెవరో వచ్చి ఆయన్ని చూసి నవ్వమనండి.

అందుకే ఏటిగట్టు ప్రదర్శన మీద ప్రాణాలన్నీ పెట్టుకున్నాడు. కిందటేడు ఒక ఫొటోలమ్మాయి వీధి వీధీ తిరిగి, నానా చోట్ల నుంచి వచ్చి ఈ ఊరివాళ్ళైపోయిన మనుషులను ఫొటోలు తీసింది. తను సెలూన్ అద్దానికి ఆనుకుని నిలబడి, కత్తెర చేతిలో ఉన్న ఆవిడనూ ఎదురుగా తీసింది. ఇప్పుడు వాటిని నిలువెత్తు గుడ్డల మీద అచ్చువేసి గట్టు పొడవునా కట్టారు.

ఆ సాయంత్రం ఆయన గడ్డం గీసుకుని బయల్దేరాడు. తొందరలో ఏప్రను విప్పడం మరిచిపోయాడు. గట్టు మీద గాలి మెత్తగా వీస్తోంది. గుడ్డలు ఉబ్బి వాలుతుంటే ముఖాలన్నీ ఊపిరి తీస్తున్నట్టున్నాయి. నీళ్ళలో కూడా వాటి రంగులు కదులుతున్నాయి. ఏది గట్టో ఏది ఏరో తెలియని ఆ వెలుగులో ఆయన నిద్రలో నడిచినట్టు నడిచాడు. రొట్టెల ఆసామీ పాపిడి తప్పువైపున ఉంది. వంటవాడి ముక్కు అటు తిరగాల్సింది ఇటు తిరిగింది. తెలిసినవాళ్ళందరికీ అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో ఉన్నట్టూ, వాళ్ళందరూ ఇక్కడికి వచ్చి నిలబడినట్టూ ఉంది.

ఆవిడ బొమ్మ చివర్లో ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. గుడ్డ మీంచి ఎవరో గడుసుమనిషి తనను ఎగతాళి చేస్తున్నట్టుంది.

ఫొటోలమ్మాయిని పిలిచి, బొమ్మ తిరగేసి అచ్చువేశారని తగువు వేసుకున్నాడు. ఆవిడ వెనక గోడ మీది ధరల బోర్డులో అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి కదా అని ఆ పిల్ల ఓపిగ్గా చూపించింది.

"అక్షరాలు సరే తల్లీ, మనిషే సరిగ్గా లేదు. ఆ పుట్టుమచ్చ అటు కాదు, ఇటుండాలి" అన్నాడు.

కూతురు వచ్చి, అచ్చం అమ్మేనని చెప్పి కళ్ళు తుడుచుకుంది. కన్నబిడ్డకే అమ్మలా కనబడుతుంటే తనకు ఎందుకు కనబడదు? ఇక తనలోంచి ఆవిడ పూర్తిగా పోయినట్టేనని ఆయనకు అర్థమైంది. ఆ బొమ్మకు వీపు పెట్టి బెంచీ మీద కూలబడ్డాడు.

సంగీతం టీచరు పక్కనే కూర్చుని ఉంది. గాలికి టీచరు జుట్టంతా రేగిపోయింది. ఆయన అలవాటుగా ఏప్రను జేబులోంచి చేతి అద్దం తీసి పట్టుకున్నాడు. టీచరు జుట్టు సర్దుకుని చాలన్నట్టు తల ఊపింది. ఆయన అద్దాన్ని ఊది, ఏప్రను కొసతో తుడిచి, మరకేమైనా ఉందేమోనని ఎదురుగా పట్టుకు చూశాడు.

అద్దంలో, తన భుజం పక్కన, భార్య ఉంది.

పుట్టుమచ్చ ఉండాల్సిన వైపే ఉంది. తన ముఖం పక్కన, సెలూన్ అద్దంలో ఎప్పుడూ ఉండే ఎత్తులోనే ఆవిడ ముఖం. వెనక గాలికి గుడ్డ కదిలినప్పుడల్లా ఆవిడ కొద్దిగా ముందుకు వంగి వెనక్కి జరుగుతోంది. ఎగతాళీ లేదు, ఏమీ లేదు. ఒక కనుబొమ మాత్రం పైకి లేచి ఉంది. ఆయనకు ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. అద్దం కదిలితే ఎక్కడ పోతుందోనని రెండు చేతులా పట్టుకున్నాడు.

గట్టు మీద దీపాలు వెలిగేదాకా అలాగే కూర్చున్నాడు. తరవాత లేచి, ఏప్రను విప్పి, అద్దాన్ని అందులో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. కూతురు దగ్గరికి వచ్చి, సెలూన్ దాకా తోడు రానా అని అడిగింది.

"సెలూన్‌కి కాదమ్మా, ఇంటికి. మీ అమ్మ ఎప్పట్నుంచో పదమంటోంది" అన్నాడు.

చొక్కా జేబు తడుముకున్నాడు. తాళంచెవి ఉంది.