మాగిన ఎరువు

పూలకుండీలకని కొన్న కోళ్ల ఎరువు సంచి విప్పగానే చిన్నప్పటి అదే ఘాటు, కళ్లు మండేలా.

తెలంగాణ ఉద్యమం రోజులు. పొద్దున మెట్‌పల్లి రోడ్డు మీద వంటావార్పులో పటేలు మా బాపు పక్కన కూర్చుని తిన్నాడు. "మనమంతా ఒక్కటే" అన్నాడు. మధ్యాహ్నం ఆయన పసుపు చేనులో బాపు కోళ్ల ఎరువు కుప్ప తిరగేస్తున్నాడు.

"పచ్చిగ ఏస్తే పసుపు మాడిపోతది బిడ్డా. మాగాలె" అన్నాడు నాతో.

మాగడమంటే నాకు మామిడిపండే తెలుసు. "మాగితే తియ్యగైతదా బాపూ?"

గట్టు మీది పటేలు విన్నాడు. "నాకి జూడు పోరి, తెలుస్తది."

చిటికెడు తీసి నాకాను. పటేలు పడీపడీ నవ్వి బాపు వైపు చూశాడు. బాపు కూడా నవ్వాడు.

నవ్వకపోతే మర్నాడు కూలికి పిలవరని ఇప్పుడు నాకు తెలుసు. తెలిసి కూడా బాపును క్షమించలేకపోతున్నాను.