గిలట్ హ్యాండిల్

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. అబద్ధం రాస్తే నా బండి ఇక ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ కాకుండా పోనీ. ఇంతకన్నా పెద్ద ఒట్టు నా దగ్గర లేదు.

మా మామది చెన్నూరు. వయసులో ఉన్నప్పుడు ఆయన తిరిగిన మోటార్ సైకిల్ ఏళ్లుగా గొడ్ల కొట్టంలో గోనె సంచుల కింద పడి ఉండేది. పెళ్లయినప్పటి నుంచీ నా కన్ను దాని మీదే. అడిగి అడిగి నేను అలిసిపోకముందే, పోయిన ఎండాకాలం ఆయన అలిసిపోయాడు.

“తీస్కపో అల్లుడా. బాగు చేయించి దసరాకు తీస్కరా. చూడంగనే నా బండని గుర్తువడితే నీది. లేకుంటె మళ్ల కొట్టంలనే పెడ్త. రంగులు గింగులు పుయ్యకు. హ్యాండిలుకు గిలట్ పెట్టియ్యి.”

సరేనన్నాను. గిలట్ అంటే గిల్టే కదా, పెద్దాయన నోరు తిరగక అలా అన్నాడనుకున్నాను. గిల్టు నగలు ఎలా ఉంటాయో ఎవరికి తెలియదు? అచ్చం బంగారంలా ఉంటాయి.

ఇంజను పనంతా అయ్యాక హ్యాండిల్, హెడ్‌లైట్ రింగు పట్టుకుని కరీంనగర్‌లో ప్లేటింగ్ దుకాణానికి వెళ్లాను.

“క్రోమా, నికెలా అన్నా?” అన్నాడు దుకాణం ఆయన.

“గిల్టు.”

“బండికా, దేవునికా?”

“బండికే.”

“మంచిది. నీ బండి, నీ ఇష్టం.”

పని అయ్యాక ఆ బంగారు హ్యాండిల్‌ను ఒళ్లో పెట్టుకుని ఆటోలో వస్తుంటే, సిగ్నల్ దగ్గర ఒక ముసలమ్మ దండం పెట్టింది. నేనూ చెయ్యెత్తి దీవించాను.

మా ఆవిడ తలుపు తీసి హ్యాండిల్‌ను చూసింది, తర్వాత నన్ను చూసింది.

“ఇదేందయ్యా? వడ్డాణమా?”

“మీ బాపే గిల్టు పెట్టియ్యమన్నడు.”

ఆమె అక్కడే కూలబడి నవ్వింది. “గిల్టు కాదు, గిలట్! మా నాయనమ్మ కాళ్ల కడియాలు గిలట్‌వే. తెల్లగుంటయి. గిది పట్కపోతె మా బాపు కొట్టంల బండిని గాదు, నిన్ను కట్టేస్తడు.”

దసరా దగ్గరపడింది. మర్నాడు మా ఆవిడ నాయనమ్మ కడియాన్ని కొంగున ముడేసుకుని నాతోపాటు దుకాణానికి వచ్చింది. ఆయన రెండు ముక్కలు తెచ్చి మా ముందు పెట్టాడు. క్రోమ్ ముక్క నీలంగా, అద్దంలా మెరుస్తోంది. దాంట్లో చూసి గడ్డం గీసుకోవచ్చు. నికెల్ ముక్క కొంచెం పసుపు తిరిగిన తెలుపు, మీగడలాగా. నా మనసు క్రోమ్ మీదికే పోయింది.

“దూరం నుంచే కండ్లు జిగేల్‌మంటయి. జర ఆలోచించు,” అన్నాను.

“ఇంట్ల ఉన్న అద్దం ముంగట నిలవడేది సాల్తలేదా నీకు?” అంటూ కడియాన్ని నికెల్ పక్కన పెట్టింది. రెండూ అక్కాచెల్లెళ్లలా కలిసిపోయాయి. “గిదే భాయ్. గా బంగారం తీసేసి గిది పెట్టు. ఎక్కువ రుద్దకు, జర మసకనే ఉండనియ్యి.”

తయారై వచ్చిన హ్యాండిల్ కొత్తదానిలా లేదు. రోజూ తుడుచుకుంటూ వాడుకున్న వస్తువులా ఉంది. నేను బేరమైనా ఆడకుండా డబ్బులిచ్చేశాను. అదీ నిజమే, మీరు నమ్మినా నమ్మకపోయినా.

దసరా ముందురోజు రాత్రి, మామ పడుకున్నాక, ఆ బండి మీద ఇద్దరం చెన్నూరు చేరాం. తెల్లారి వాకిట్లో నిలబెట్టాం. మామ బయటికొచ్చి, హ్యాండిల్‌ను తువ్వాలతో ఒకసారి తుడిచి, “నా బండే అల్లుడా. తీస్కపో,” అన్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

ఈ తువ్వాలూ ఈ మాటా ఈ చెమ్మా మాత్రం నా కల్పన. మిగతాదంతా జరిగిందే. అసలు సంగతి ఏమిటంటే, మామ కళ్లజోడు లోపలే మరిచి వచ్చాడు. పాలు పోసే ఆయన తన బండిని మా బండి పక్కనే ఆపి ఇంట్లోకి వెళ్లాడు. మామ తిన్నగా దాని దగ్గరికే పోయి సీటు నిమిరాడు.

“శభాష్ అల్లుడా! అచ్చు నా బండే!”

మా ఆవిడ నన్ను గిల్లింది. ఇద్దరం నోరు మెదపలేదు, గెలిచాం కదా! ఇంతలో పాలాయన వచ్చి, కిక్కు కొట్టి, వెళ్లిపోయాడు.

“ఓరి వీని! అల్లుడా, ఉరుకు! నా బండి ఎత్కపోతుండు!”

మా ఆవిడ కళ్లజోడు తెచ్చి పెట్టి, ఆయన్ను అసలు బండి దగ్గరికి నడిపించింది. మామ హ్యాండిల్ పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూశాడు.

“గిది గుడ నాదే లెక్కనే ఉన్నది,” అన్నాడు చివరికి. “గదైతే పాయె. గిదన్న తీస్కపో.”