అవిసెలు మేసిన కోళ్ల గుడ్లు

మా ఆయనకు గుండెనొప్పి వచ్చి తగ్గినంక, రోజుకొక గుడ్డు తినొచ్చన్నడు డాక్టరు. గుండెకు మేలు చేసే గుడ్లని బజార్ల అమ్ముతరు గదా, ఆ అట్టపెట్టె మీది మాటలు నేను నమ్మలే. కోళ్లకు అవిసెలు పెడితే వాటిల ఉన్న మంచి కొవ్వే సొనలకొస్తది, గంతే! మాదన్నపేటల మా డాబా మీద ఆరు కోళ్లను తెచ్చి పెట్టిన.

దాణా దుకాణం భాయ్ అప్పుడే చెప్పిండు. "ఆపా, అవిసెలు పెడితే విటమిన్ ఇ భీ కలపాలె. లేకుంటే గుడ్డు జల్దీ ఖరాబ్."

"బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన భాయ్. నువ్వు తక్కెడల దాణా జోకు, పాఠం నేను చెప్త."

చదివిన మాట నిజమే. అవిసెల నూనె గాలి తగిలితే చెడుతదని, విటమిన్ ఇ దానికి అడ్డం నిలబడుతదని పరీక్షల రాసి మార్కులు గూడ తెచ్చుకున్న. అయినా విటమిన్ ఇ కలపలే, నెలకు సరిపోను అవిసెలు ఒక్కసారే గిర్నీ పట్టించి, రేకుల కింద డబ్బాల పోసి పెట్టిన. ఎండాకాలం. చెయ్యి పెడితే పిండి వెచ్చగ తగిలేది.

నేను పుట్టింది గుడి అర్చకుల ఇంట్ల. గుడ్డు ఉడకబెడత గని తినను. డాబా మీద వేరే పొయ్యి, వేరే గిన్నె, నా ముక్కుకు కొంగు. ఆయన గూడ మెట్లెక్కొచ్చి అక్కడనే తినాలె. నాకు గుడ్డంటేనే కంపు. అండ్ల మంచిదేదో చెడ్డదేదో నాకెట్ల తెలుస్తది?

ఒక ఆదివారం ఆడబిడ్డ వచ్చింది. వాళ్లన్న పళ్లెంలోంచి గుడ్డు ముక్క నోట్లేసుకొని, మోరీ కాడికి ఉరికి ఉమ్మింది.

"ఏంది వదినా, గుడ్డు పెట్టినవా, తలుపులకేసే రంగు పెట్టినవా?"

"నీకు అన్నిట్ల వంకలే. మీ అన్న నెల దినాల సంది తింటుండు, ఒక్క మాటన్నడా?"

ఇద్దరం ఆయన దిక్కు చూసినం. మిగిలిన ముక్క నములుతున్నడు, మెల్లగ, కండ్లు మూసుకొని.

"వాసనొస్తున్నదా?" అడిగిన.

"మొదట్ల లేకుండె. పదిహేను దినాల సంది."

"చెప్పొద్దా?"

"లొల్లి ఎందుకని."

ఆడబిడ్డ పక్కున నవ్వింది. నాకు నవ్వు రాలే. ఈ మధ్య పొద్దుగాల డాబా ఎక్కేటప్పుడు ఆయన సగం మెట్ల మీద ఆగుతున్నడు. ఎందుకని అడిగితే, కోళ్ల చప్పుడు వింటున్న అన్నడు. నేను నమ్మిన.

పళ్లెం గుంజుకున్న. "మెట్ల మీద ఎందుకు ఆగుతున్నరు? నిజం చెప్పుండ్రి."

ఆయన చెయ్యి అంగీ గుండీల మీదికి పోయి, అక్కడనే ఉండిపోయింది.

"ఏం లేదే. మంచిగనే ఉన్నది."

ఈ నెల దినాలు గుడ్డు ఎట్లున్నదని నేనడిగిన ప్రతి పొద్దూ గదే మాట చెప్పిండు.