ఎడారి కాగితాల గంప

పొద్దున నానబోసిన మెంతుల చేదు వాసన ఇల్లంతా పట్టుకుంది. అడుగు చిల్లిపడిన వెదురు గంపను పారేయడం నాకు చేతకాదు. పాత కాగితాలూ మెంతులూ నానబెట్టి, మెత్తగా దంచి, ఆ గుజ్జు మెత్తి ఎండబెడితే మళ్లీ కొన్నేళ్లు గింజ జారదు. మా అవ్వ, అంటే మా అమ్మ, నేర్పిన పని ఇది.

సుల్తానాబాద్ దగ్గర మా ఊరి మిషన్ బంగ్లాలో ఒకప్పుడున్న దొర, ఎడారుల అంచున బతికే మనుషుల గురించీ వాళ్ల నేలల గురించీ చదువుకున్నవాడట. ఆయన వదిలి వెళ్లిన లావు ఇంగ్లీషు పుస్తకాలు అలమారా నిండా ఉండేవి. వాటికి చెదలు పట్టడంతో, గంపలకు దంచుకొమ్మని పాస్టరయ్య ఇంటికొకటి పంచాడు. మూడో తరగతితో బడి మానేసిన నాకు అందులోని అక్షరాలు తెలియవు గానీ బొమ్మలు తెలుసు: ఇసుక తిన్నెలు, ముళ్ల పొదలు, ఒంటె ముకుతాడు పట్టుకుని నిలబడ్డ తలపాగా మనిషి. ఆ ఏడాదే మా నాన్న, మా బాపు, కూలికి దుబాయి పోయాడు.

"అవ్వా, బాపు గీడనే ఉన్నడే!"

"తలగుడ్డ సుట్టినోళ్లంత నీ బాపులేనా?" అని అవ్వ నవ్వింది గానీ, ఆ పుస్తకాన్ని దంచలేదు. బైబిలు పక్కన పెట్టింది. సాయంత్రం ప్రార్థన కాగానే నేను ఆ బొమ్మ తెరిస్తే, చాటలో కందులు చెరుగుతూనే ఓరకంట చూసేది. క్రిస్మస్‌కు చేసిన సకినాల్లో సగం బాపు కోసం డబ్బాలో దాచింది.

సకినాలు మెత్తబడి ముక్కవాసన పట్టాక, బాపుతో పోయిన పక్కూరి మనిషి ఒక్కడే వచ్చాడు. గడప దాటలేదు.

"వదినే, గోడ మీదికెల్లి పడ్డడు. ఆడనే ఇసుకల పెట్టినం."

అవ్వ ఏడవలేదు. మర్నాడు పుస్తకాన్ని పిడికిళ్ల కొద్దీ చింపి కుండలో ముంచింది. "గా ఇసుక నా ఇంట్ల వద్దు," అంది. తలపాగా మనిషి ఉన్న కాగితాన్ని మాత్రం నేను లాగి దాచుకున్నాను. మిగిలినదంతా గుజ్జయి ఒక గంపకు అంటింది. ఆ గంపే ఇది.

బాపు సమాధి నేను చూడలేదు. ఇన్నేళ్లూ గుర్తొచ్చినప్పుడల్లా ఆ బొమ్మలోని ఇసుకనే మనసులో చూసుకున్నాను. ఇవాళ కాగితాల కోసం పెట్టె వెతుకుతుంటే ఆ బొమ్మ కాగితం బయటపడింది; మా మనుమరాలు బొమ్మ కింది అక్షరాలు చదివింది.

"అమ్మమ్మా, గిది దుబాయి కాదు. మన రాజస్థాన్ల, పాకిస్తాన్ సరిహద్దు కాడి ఎడారి."

"జర సక్కగ సదువు."

మళ్లీ చదివింది. అదే.

బంగ్లా కూలిపోయింది. దొర పుస్తకాలు ఏ ఇంట్లోనూ లేవు, వాటితో మెత్తిన గంపల్లో ఇదొక్కటే మిగిలింది. మా వాడంతా ప్లాస్టిక్ తట్టలే. గుజ్జు కొంచెం తక్కువపడింది.

"గా కాగితం గూడ గుజ్జుల ఎయ్యరాదే, అమ్మమ్మా? ఇంకేం పనికొస్తది?" అంది మనుమరాలు.

చెయ్యి కడుక్కుని, కాగితాన్ని మడిచి పెట్టెలో పెట్టాను. ఉన్న గుజ్జే లాగి లాగి పరిచాను. గంప అడుగున ఒక మూల పలచగానే ఉంది.